మా నాయన 22 లక్షలు: రొయ్యల గుంటా, ప్లాటా, సవర్లా, పోస్టాఫీసా?

కావలి శీను (కావలి), 7 డిసెంబరు 2025, రాత్రి 9:12

అన్నలకు, అక్కలకు నమస్కారం. ఇన్నాళ్లూ చదివి పోయేవాణ్ణే, రాయడం ఇదే మొదలు.

మా నాయన ఆర్టీసీలో డ్రైవరు. 62 నిండి అక్టోబరులో దిగిపోయాడు. పీఎఫ్, గ్రాట్యుటీ, సెలవుల డబ్బు అంతా కలిపి 22 లక్షలు బ్యాంకులో పడ్డాయి. పింఛను నాలుగు వేల చిల్లర. ఆ 22 లక్షలు సేవింగ్స్ ఖాతాలో పడుకొని ఉన్నాయి, ఇంట్లో మాత్రం ఎవరికీ నిద్ర లేదు.

మా మేనమామ గుంట లీజుకు తీసుకుందామంటాడు. మన రొయ్యల మీద అమెరికా వేసిన సుంకం ఎల్లకాలం ఉంటదా, లీజులు పడిపోయినప్పుడే దిగాల అని ఆయన లెక్క. తమ్ముడు రామాయపట్నం పక్క ప్లాటు అంటాడు. అమ్మ బంగారం సవర్లు అంటది. నాయన ఏమీ అనడు. పాస్‌బుక్కు చొక్కా జేబులో పెట్టుకొని టీ కొట్టుకు పోతాడు, వస్తాడు.

నా సంగతి కూడా చెప్పాల. నేను రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో సూపర్‌వైజర్ని. ఆగస్టు తర్వాత మూడు షిఫ్టులు రెండయినాయి, ఓటీ పోయింది. టీవీలో ఒకడు మాంద్యం వచ్చేస్తోందంటాడు. ఇంకొకడు జీడీపీ 8.2 అని చంకలు గుద్దుకుంటాడు. ద్రవ్యోల్బణం పావు శాతమేనంట! మా పిలకాయల స్కూలు ఫీజు కట్టినోడు ఎవడైనా ఆ మాట అంటాడా? ఎవర్ని నమ్మాల్నో, డబ్బు ఎక్కడ పెట్టాల్నో చెప్పండి.

సోమశిల మాస్టారు (ఆత్మకూరు), 7 డిసెంబరు, రాత్రి 10:05

శీనూ, ముందు ఆ రెండు అంకెలూ అబద్ధం కావని చెప్తా, తర్వాత తిట్టుకో.

జులై నుంచి సెప్టెంబరు దాకా దేశం వృద్ధి 8.2 శాతమని నవంబరు 28న ప్రకటించారు. అక్టోబరులో రిటైల్ ద్రవ్యోల్బణం 0.25. 2012 ధరలను ఆధారం చేసుకొని లెక్క కడుతున్న ఈ వరసలో అంత తక్కువ ఎప్పుడూ రాలేదు. వరసగా రెండు త్రైమాసికాలు ఉత్పత్తి కుంగితే మాంద్యం అనడం వాడుక. మన దేశంలో అట్లా జరిగింది 2020లో, కరోనా లాక్‌డౌన్ అప్పుడు. ఆ ఏప్రిల్-జూన్‌లో నాలుగో వంతు ఉత్పత్తి ఎగిరిపోయింది. ఇప్పుడు దేశం మొత్తానికి ఆ పరిస్థితి లేదు.

కాకపోతే ద్రవ్యోల్బణం లెక్కలో తిండి వాటా దాదాపు 46 శాతం. కూరగాయలు, పప్పులు పోయినేడు మండిపోయాయి, ఈ ఏడు దిగాయి. ఆ దిగుడే మొత్తం అంకెను కిందికి లాగేసింది. నీ స్కూలు ఫీజు, డాక్టరు ఫీజు తగ్గాయని ఎవరూ అనలేదు. తిండి మీదే ఎక్కువ ఖర్చయ్యే ఇంటికి పావు శాతం నిజంగానే పావు శాతం. ఇద్దరు పిల్లల్ని ప్రైవేటు బడికి పంపే ఇంటికి అది వేరే దేశం లెక్క.

పెన్నా గట్టు (కోవూరు), 7 డిసెంబరు, రాత్రి 10:31

మాస్టారు చెప్పిన ఆ దిగుడు ఎవరి కయ్యల్లోంచి వచ్చిందో కూడా చెప్పాల గదా. నిరుటి మద్దతు ధర గ్రేడ్ ఏ రకం క్వింటాలు 2,320. మన పుట్టి 850 కేజీలు, అంటే 19,720 రావాల. మొన్న ఎడగారు, అంటే రెండో పంట వడ్లకు ఆ రేటు కళ్లజూసినోడు మా ఊళ్లో ఒక్కడు లేడు. ఢిల్లీలో ద్రవ్యోల్బణం తగ్గిందని సంబరం చేసుకున్నారే, అది మా వడ్ల రేటబ్బా! కోత మిషను గంటకు తీసుకునే బాడుగ మాత్రం ఒక్క రూపాయి దిగలా.

సోమశిల మాస్టారు, 7 డిసెంబరు, రాత్రి 10:40

ఒప్పుకున్నా. ఆ ముక్క నేను చెప్పి ఉండాల్సింది.

ప్లాట్ల మిత్ర (కొత్త సభ్యుడు), 7 డిసెంబరు, రాత్రి 11:02

శీను గారూ పోర్టు వస్తోంది, రిఫైనరీ వస్తోంది, మూడేళ్లలో డబుల్ గ్యారంటీ. కందుకూరు రోడ్డుకు దగ్గర్లో 12 అంకణాల బిట్లు, వాయిదాల సౌకర్యం కలదు, సైట్ విజిట్‌కు కారు ఫ్రీ, భోజనం ఫ్రీ, నంబరు

నిర్వాహకుడు, 8 డిసెంబరు, ఉదయం 6:15

ఫోను నంబరు తీసేశాను. ఇది మూడోసారి. భోజనం ఎక్కడ పెట్టించేదీ రాస్తే మాత్రం ఉంచుతాను.

డల్లాస్ దర్శి (దర్శి, ఇప్పుడు టెక్సాస్), 8 డిసెంబరు, ఉదయం 8:20

ప్లాటు మాట వచ్చింది కాబట్టి మా ఇంటి కథ చెప్తాను. 2014లో రాష్ట్రం విడిపోయాక రాజధాని దొనకొండ అన్నారు. గుర్తుండే ఉంటుంది. మా దర్శి నుంచి దొనకొండ రోడ్డు మీద ఆ వేసవిలో నడిచినన్ని కార్లు అంతకు ముందు లేవు, మళ్లీ రాలేదు. టీ కొట్లో కూర్చున్న పది మందిలో ఆరుగురు బ్రోకర్లు. అడంగల్ అంటే ఏమిటో తెలియని వాళ్లు కూడా ఎకరాల్లో మాట్లాడేవాళ్లు. మా బావగారు నా దగ్గర కొంత, వాళ్ల మామ దగ్గర కొంత తెచ్చి రెండెకరాలకు అడ్వాన్సు ఇచ్చి, ఆగస్టులో రిజిస్ట్రేషను కూడా చేయించారు. సెప్టెంబరు మొదటి వారంలో అసెంబ్లీలో రాజధాని విజయవాడ పరిసరాల్లో అని ప్రకటన వచ్చేసింది.

పోయినసారి వచ్చినప్పుడు చూడ్డానికి వెళ్లాం. హద్దు రాళ్లకు వేసిన ఎర్ర రంగు అట్లాగే ఉంది. లోపలంతా చిల్లకంప. ఎవరో మేకలు తోలుకొచ్చుకున్నారు. బావగారు దిగి చుట్టూ తిరిగి, రాళ్లు లెక్కపెట్టుకుని, మళ్లీ కారెక్కారు. పదకొండేళ్లయింది, అప్పుడు పెట్టిన అసలు కూడా ఇప్పటికీ రాదు.

పోర్టు రాదని, రిఫైనరీ రాదని నేను అనడం లేదు. రావచ్చు. అది వచ్చే ఏడాదికీ, మీ నాయన గారికి డబ్బు కావలసిన ఏడాదికీ పొంతన కుదరాలి గదా. అక్కడ కొనేట్టయితే 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషను నిషేధించిన భూములు) ఉందేమో, చుక్కల భూమేమో (రికార్డులో యజమాని పేరు బదులు చుక్కలు పెట్టినది) చూసుకోకుండా అడ్వాన్సు ఇవ్వకండి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చుక్కల భూములకు కరువు లేదు.

గుంట రైతు (విడవలూరు), 8 డిసెంబరు, మధ్యాహ్నం 1:48

శీనూ, మీ మామ చెప్పిన మాటకు జవాబు నేను చెప్పాల. పదహారేళ్లుగా గుంటల్లో ఉండాను.

ఏప్రిల్ 2న ట్రంపు సుంకాలు ప్రకటించాడు, మనకు 26 శాతం అని. 3వ తేదీ పొద్దున లేచేసరికి మా ఏజెంటు ఫోను ఎత్తలా. నాకప్పుడు మూడు గుంటల్లో సరుకు పట్టుబడికి వచ్చి ఉంది, 60 కౌంటు. తెలీనోళ్లకు చెప్తుండా, కేజీకి 60 రొయ్యలు తూగితే 60 కౌంటు. రేటు లేదు ఆగుదాం అంటే వడ్లు మాదిరి గోతాల్లో కట్టి గోడౌన్లో పెట్టుకునే సరుకు కాదు గదా ఇది. బతికుండాల, తినాల, గాలి కావాల. ఏరియేటర్లు రాత్రంతా తిరగాల, కరెంటు పోతే జనరేటరు. చెక్ ట్రే ఎత్తి చూస్తే మేత మిగల్లేదు, ఆకలిగా ఉండాయి అని తెలుస్తా ఉంటది. మేత వేస్తే ఖర్చు, వేయకపోతే ఒకదాన్నొకటి తింటాయి. దానికి తోడు తెల్లమచ్చ రోగం ఎప్పుడు తగులుతుందో అని భయం. వారం ఆగినా. ఆ వారంలో నా దగ్గర కరిగింది నిద్రా, డీజిలూ. ఆఖరికి వాడు చెప్పిన రేటుకే తోలినా.

తర్వాత 90 రోజులు వాయిదా అన్నాడు, కొంచెం ఊపిరి పీల్చుకున్నాం. ఆగస్టు 7న 25, అదే నెల 27న ఇంకో 25. యాభై అయి కూర్చుంది. పాత యాంటీ డంపింగు సుంకాలు దీనికి అదనం. ఈక్వెడారోడికి 15 శాతమే. వాడి రొయ్యా మన రొయ్యా ఒకటే వెనామీ రకం. అమెరికాలో కొనేవాడికి విడవలూరైతే ఏంది, ఈక్వెడారైతే ఏంది.

అసలు సంగతి ఇప్పుడు చెప్తా. నష్టం గుంటలో వచ్చిందని నాకు దిగులు లేదబ్బా, గుంటన్నాక వస్తది. మేత నేను అప్పు మీద తెచ్చేది. పట్టుబడి అయినాక ఆ డీలరుకే కట్టేది. మా తమ్ముడు నడిపేది సీడు వ్యాను, అంటే రొయ్య పిల్లల్ని తోలేది. మా బావమరిది ఐసు ప్లాంటు. మా ఇంటామె చీటీ కట్టేది మేత డీలరు భార్య దగ్గర. మిగిలిన నాలుగు లక్షలు నేను వడ్డీకి ఇచ్చింది ఇంకో గుంట ఆసామికి, రెండు రూపాయల వడ్డీ, ప్రోనోటు మీద. నేను అన్ని చోట్లా పెట్టినా అనుకున్నా. ఏప్రిల్లో చూస్తే అన్నీ ఒక్క గుంటలోనే ఉండాయి.

నీ జీతం రొయ్యది. మీ నాయన డబ్బు కూడా రొయ్యలోకి తీసకపోతావా? మీ మామ చెప్పినట్టు సుంకం రేపే తీసేయొచ్చు. తీసేస్తే నీకు ఓటీ వస్తది, షిఫ్టు వస్తది. అది చాలదా నీకు?

కావలి శీను, 8 డిసెంబరు, మధ్యాహ్నం 2:30

అన్నా, ఇట్టా నేను ఆలోచించలా. ఆ ఆఖరి మాట మామకు చదివి వినిపించినా. లేచి పోయినాడు.

బ్యారన్ బాబాయి (కొండపి), 8 డిసెంబరు, సాయంత్రం 6:10

గుంట రైతు గారు చెప్పిందే మా పొగాకులో కూడా. 2024లో రేటు బ్రహ్మాండంగా పలికింది. ఇంకేం, ఊరంతా బ్యారన్లు (పొగాకు కాల్చి ఆరబెట్టే కొట్లు) కావాలన్నారు. బ్యారన్ అద్దె, పొలం కౌలు, కూలి అన్నీ కొండెక్కాయి. 2025లో వేలం కేంద్రంలో లోగ్రేడు బేలు పక్కనే నుంచుంటే కొనేవాడు ఆగను కూడా ఆగకుండా ముందుకు పోయేవాడు. చీటీ మీద నోబిడ్, అంటే ఎవరూ పాడలేదని. ఆ బేలు మళ్లీ ఇంటికి తోలుకొచ్చుకోవాలి, దానికి మళ్లీ బాడుగ. నల్లబర్లీ రకం పొగాకు వేసిన వాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. పర్చూరు పక్కంతా గొడవలై ఆఖరికి ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌తో కొనిపించింది.

ఇక మా ఊరి చీటీ. ఇరవై మంది సభ్యులం, ఇరవై మందీ బ్యారన్ వాళ్లమే. పాడుకున్న వాళ్లు ఆరుగురు జులైలో కట్టడం మానేశారు. మోసం చేయాలని కాదు పాపం, వాళ్ల బేళ్లు ఇంట్లోనే ఉన్నాయి. చీటీ నడిపే ఆయన సొంతంగా రెండు నెలలు సర్దాడు. మూడో నెల తాళం వేసి హైదరాబాదు కొడుకు దగ్గరికి పోయాడు.

లాయర్‌పేట లక్ష్మక్క (ఒంగోలు), 8 డిసెంబరు, రాత్రి 8:55

చీటీ అనగానే అందరూ ఒకే రాగం ఎత్తుకుంటారు. నేను పద్నాలుగేళ్లుగా చీటీలు కడుతున్నాను. మా పెద్దమ్మాయి ఇంజినీరింగు చీటీతోనే అయింది, ఏ బ్యాంకూ అప్పు ఇవ్వలేదు.

లెక్క తెలియని వాళ్ల కోసం చెప్తా. ఐదు లక్షల చీటీ, పాతిక మంది, నెలకు 20 వేలు. అవసరం ఉన్నామె లక్షా పాతిక వేలు తోసి, అంటే వదులుకుని, పాడిందనుకోండి. ఆమె చేతికి మూడు లక్షల డెబ్బై ఐదు వేలు. తోసిన దాంట్లో నడిపేవాళ్ల కమిషను ఐదు శాతం లెక్కన 25 వేలు పోతే మిగిలిన లక్ష పాతిక మందికీ పంచుతారు, తలా నాలుగు వేలు. ఆ నెల మేం కట్టేది 16 వేలే. ఆఖరిదాకా ఆగిన మనిషికి బ్యాంకు వడ్డీ కంటే మెరుగే. మధ్యలో పెళ్లో, ఆసుపత్రో వస్తే పాడుకోవచ్చు. ఆ రెండూ కలిపి ఏ బ్యాంకు ఇస్తుంది?

సోమశిల మాస్టారు, 8 డిసెంబరు, రాత్రి 9:20

లక్ష్మీ గారూ, లెక్కలో తప్పు లేదు. ఒక్క ప్రశ్న. మీ చీటీ రిజిస్టరైందా? 1982 చిట్‌ఫండ్ చట్టం కింద నడిపేవాళ్లు చీటీ మొత్తానికి సరిపడా డిపాజిట్ కట్టి రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించాలి.

లాయర్‌పేట లక్ష్మక్క, 8 డిసెంబరు, రాత్రి 9:34

ఒకటి అయింది, ఒకటి కాలేదు. కానిది ఇంటి పక్కామె నడుపుతుంది. ఆమెను నాకు ముప్ఫై ఏళ్లుగా తెలుసు. అయితే కొండపి బాబాయి గారు రాసింది చదివాక లేచి మా చీటీ పుస్తకం తీసి చూశాను. పాతిక మందిలో టీచర్లు ఏడుగురు, చీరల కొట్టు వాళ్లు ముగ్గురు, ఒక నర్సు, ఇద్దరు చీమకుర్తి గ్రానైటు క్వారీ గుమస్తాలు, మిగతావాళ్లు ఇళ్లల్లో వాళ్లు. ఈ కోణంలో ఎప్పుడూ చూసుకోలేదు. గ్రానైటు వాళ్లు తప్ప మిగతావాళ్ల జీతాలు ఒకేసారి ఆగవు. మళ్లీ పడుకుంటాను.

పొదిలి టు బెంగళూరు, 8 డిసెంబరు, రాత్రి 11:50

ఇంతమంది మాట్లాడారు, ఒక్కరూ షేర్ల మాట ఎత్తలేదేంటి? 0.25 శాతం చూసి మురిసిపోకండి, అది ఉండిపోయేది కాదు. రిజర్వు బ్యాంకు పెట్టుకున్న లక్ష్యమే 4 శాతం. 6 శాతం చొప్పున ధరలు పెరిగితే పన్నెండేళ్లలో రూపాయి విలువ సగం. మీ నాయనకు ఇప్పుడు 62, ఇంకో పాతికేళ్లు బతకాలి. మొత్తం పోస్టాఫీసులో పెడితే 80 ఏళ్ల వయసులో ఆ వడ్డీ మందులకు కూడా చాలదు. కనీసం ఐదు లక్షలు నిఫ్టీ ఇండెక్స్ ఫండులో (యాభై పెద్ద కంపెనీల షేర్లలో కలిపి పెట్టేది) వేయండి.

సోమశిల మాస్టారు, 9 డిసెంబరు, ఉదయం 5:40

బాబూ, నువ్వు చెప్పింది నీకు వర్తిస్తుంది. నిఫ్టీ 2024 సెప్టెంబరు ఆఖర్లో 26,277 తాకి, 2025 మార్చి మొదట్లో 22 వేలకు దిగింది. పాత ఎత్తుకు మళ్లీ చేరింది మొన్న నవంబరు ఆఖర్లో. 14 నెలలు. 2020లో అయితే జనవరిలో 12,400, మార్చి 24న 7,500. నీకు జీతం వస్తూ ఉంటుంది కాబట్టి ఆగగలవు. డ్రైవరు ఉద్యోగం దిగి, నెలకు నాలుగు వేల పింఛనుతో ఉన్న మనిషి తన ఐదు లక్షలు మూడు లక్షలు కావడం చూస్తూ టీ కొట్టు దగ్గర కూర్చోగలడా? ఆ మనిషి భయపడి అట్టడుగున అమ్మేస్తాడు. నష్టం చేసేది మార్కెట్టు కాదయ్యా, ఆ అమ్మకం.

పొదిలి టు బెంగళూరు, 9 డిసెంబరు, ఉదయం 9:15

మాస్టారూ, ఆ మాటకు తల వంచుతున్నా. అయితే శీనన్న సొంతంగా నెలకు రెండు వేలైనా సిప్ (నెలనెలా ఫండులో కొంత వేయడం) మొదలుపెట్టాలి. నాయన డబ్బు వేరు, ఆయన డబ్బు వేరు.

ఇంకొకటి. షేర్లు అంటే మావాళ్లకు ఆప్షన్లు అని అర్థం, అంటే షేరు ధర ఎటు పోతుందో అని కాసే పందెం లాంటిది. మా పిన్ని కొడుకు కనిగిరిలో సెల్‌ఫోను కొట్టు పెట్టుకొని కౌంటరు కింద ఆప్షన్లు ఆడతాడు. కొట్లో సరుకు తగ్గుతూ వచ్చింది, మాకు ఆలస్యంగా అర్థమైంది. ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్లు, ఆప్షన్లు) ఆడిన మామూలు జనంలో మూడేళ్లలో 93 శాతం మంది పోగొట్టుకున్నారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో లెక్క తేల్చింది. నేను చెప్పేది అది కాదు.

ఆచారి వీధి (నెల్లూరు), 9 డిసెంబరు, ఉదయం 11:30

అమ్మ సవర్లు అన్నదంట గదా, ఆ ముక్క ఎవరూ పట్టించుకోలా. మూడు తరాలుగా ఇదే పని మాది, నా మాట వినండి.

ఈ రోజు సవర, అంటే 8 గ్రాముల 22 క్యారెట్, 96 వేల చుట్టుపక్కల ఆడతా ఉంది. అమ్మ ఆ సవరతో గొలుసు చేయించుకున్నదనుకోండి. తరుగు 8 శాతం వేసినా 1,03,680. దాని మీద మూడు శాతం జీఎస్టీ. అంతా కలిపి 1,06,800 దగ్గర చేతి నుంచి పోతాయి. కొట్టు మెట్లు దిగి, మళ్లీ ఎక్కి అమ్మితే 96కు మించి ఎవడూ ఇవ్వడు. ఆ పది వేల చిల్లరతో నా పిలకాయలు బతికేది. కాబట్టి పెట్టుబడి అని చెప్పి నగ చేయించొద్దు. ముచ్చటకు చేయించుకోండి, కాదనను. పెట్టుబడి అయితే హాల్‌మార్కు ఉన్న కాసు కొనండి, తరుగు నామమాత్రం.

రేటు గురించి కూడా చెప్పాల. ఏప్రిల్లో పది గ్రాముల మేలిమి లక్ష తాకినప్పుడు ఇంక పెరగదన్నారు, ఇప్పుడు లక్షా ముప్ఫై. ఇట్టా పెరగడం చూసినోళ్లు ఎల్లకాలం ఇంతే అనుకుంటారు. 2012 ఆఖర్లో 31 వేలు ఉండింది. 2018లో ఎంతా అంటే, అంతే. ఆ ఆరేళ్లూ మా వీధిలో ఈగలు తోలుకున్నాం. మా నాయన ఒక మాట అనేవాడు: బంగారం భయానికి పెరిగేది, ఆకలికి కరిగేది అని. ఇప్పుడు భయంతో కొనేవాళ్లు ఒక గుమ్మంలో వస్తా ఉండారు, గుంటల్లో, బేళ్లల్లో పోయినోళ్లు అమ్మేదానికి ఇంకో గుమ్మంలో వస్తా ఉండారు.

పెన్నా గట్టు, 9 డిసెంబరు, మధ్యాహ్నం 12:10

వచ్చే రొట్టెల పండక్కి నెల్లూరు స్వర్ణాల చెరువులో డబ్బు రావాలని పట్టే ధన రొట్టె పట్టుకుంటే సరి, ఈ గొడవంతా ఎందుకు.

కౌంటరు మనిషి (ఒంగోలు, బ్యాంకు ఉద్యోగి), 9 డిసెంబరు, రాత్రి 9:45

శీను గారూ, నేను రోజూ చూసేది ఇదే కాబట్టి నేరుగా చెప్తాను.

రిజర్వు బ్యాంకు ఈ ఏడాది నాలుగుసార్లు రెపో రేటు (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ) తగ్గించింది. ఫిబ్రవరిలో 6.5 ఉన్నది మొన్న డిసెంబరు 5కి 5.25 అయింది. డిపాజిట్ల వడ్డీ దాని వెనకే దిగుతోంది. మీకు రేటు కుదరాలంటే ఆలస్యం చేయకండి. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం ప్రస్తుతం 8.2 శాతం ఇస్తోంది, ఒకసారి వేస్తే ఐదేళ్లూ అదే రేటు. మనిషికి 30 లక్షల దాకా వేయొచ్చు. 15 లక్షలు వేస్తే మూడు నెలలకోసారి 30,750 వస్తాయి. పోస్టాఫీసులో, బ్యాంకులో ఎక్కడైనా తెరవొచ్చు. అమ్మను జాయింటు హోల్డరుగా పెట్టండి. ఏడాది లోపు మూస్తే వడ్డీ ఏమీ ఉండదు, తర్వాత మూస్తే ఒకటో ఒకటిన్నరో శాతం కోత ఉంటుంది. అందుకే మొత్తం అందులో కుక్కొద్దు. ఏడాది వడ్డీ లక్ష దాటుతుంది కాబట్టి పన్ను పడదని రాసిచ్చే ఫారం ఇవ్వకపోతే టీడీఎస్ (ముందే కోసే పన్ను) పట్టేస్తారు. ఏటా ఏప్రిల్లో గుర్తుపెట్టుకుని ఇవ్వాలి.

మిగతాది రెండు బ్యాంకుల్లో ఎఫ్‌డీలు వేయండి. ఒక్కో బ్యాంకులో మనిషికి ఐదు లక్షల దాకా డిపాజిట్ ఇన్సూరెన్సు ఉంది. సహకార బ్యాంకు ఎక్కువ ఇస్తుందని వెళ్తే ఆ ఐదు దాటకండి.

ఇక చెప్పకూడనిది. ఖాతాలో 22 లక్షలు పడితే ఆ సంగతి బ్రాంచిలో అందరికీ తెలుస్తుంది. మీ నాయన గారికి ఏసీ గదిలో కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు, ఎఫ్‌డీ లాంటిదే సార్, ఇంకా మంచిది అని కాగితం ముందు పెడతారు. అది ఏటా ప్రీమియం కట్టాల్సిన బీమా పాలసీ. మాకూ టార్గెట్లు ఉంటాయండీ, దాచడం ఎందుకు. సంతకం పెట్టేసి ఉంటే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు, దాన్ని ఫ్రీ లుక్ అంటారు.

కావలి శీను, 9 డిసెంబరు, రాత్రి 10:20

సార్, కాళ్లకు దండం. నాయన్ని అడిగినా. టీ ఇచ్చినారంట! కాగితం ఇంటికి తెచ్చుకున్నాడు, సంతకం పెట్టలా. కళ్లజోడు మర్చిపోయినా అని చెప్పి వచ్చాడంట. ఆ జోడు ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటది.

డల్లాస్ దర్శి, 10 డిసెంబరు, ఉదయం 7:05

ఆయన దగ్గర మనమే నేర్చుకోవాలి.

ఇక్కడి సంగతి కూడా చెప్తాను: అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ కూడా సెప్టెంబరు నుంచి రేట్లు తగ్గిస్తూ వస్తోంది. మా ఆఫీసులో కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశారు, ఉన్నవాళ్లను ఇంకా ముట్టుకోలేదు. డిసెంబరు 3న డాలరు 90 రూపాయలు దాటేసరికి ఇంటి నుంచి ఫోన్లు, ఇప్పుడు పంపు ఇప్పుడు పంపు అని. పంపితే ఎక్కడ పెడతారు అంటే ప్లాటు అంటారు.

కావలి శీను, 18 డిసెంబరు, రాత్రి 8:40

పని అయిపోయింది. అందరికీ చెప్పాల గదా.

నిన్న పోస్టాఫీసుకు పోయినాం. 15 లక్షలు సీనియర్ సిటిజన్ పథకంలో, అమ్మ పేరు కూడా చేర్చినాం. ఐదు లక్షలు రెండు బ్యాంకుల్లో, ఒకటి ఏడాదికి, ఒకటి రెండేళ్లకు. నా ఉద్యోగం పోతే ఇల్లు గడిచేదానికి అని నాయనే అన్నాడు. అమ్మకు ఒక సవర కాసు తీసినాం, ఆచారి వీధి అన్న చెప్పినట్టు. రోజూ బీరువా తీసి చూసుకుంటా ఉంది. మిగిలింది ఖాతాలో. నేను నా జీతంలోంచి రెండు వేలు సిప్ పెట్టినా. తమ్ముడు మొహం మాడ్చుకున్నాడు. మామ ఇంకా మాట్లాడటం లా, సంక్రాంతికి వస్తాడో రాడో.

కౌంటరులో ఉన్నామె మొదటి వడ్డీ జనవరి 1న పడతది, పదిహేను రోజులదే కాబట్టి ఐదు వేల చిల్లరే, ఏప్రిల్ నుంచి 30,750 అని చెప్పింది. నాయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. నెలకు పది వేల రెండొందల యాభై. ‘ఇది ఎవరినీ అడగాల్సిన పనిలేదు గదా?’ అన్నాడు. లేదండీ అనింది ఆమె. వచ్చేటప్పుడు బస్సులో డ్రైవరు పక్క సీట్లో కూర్చుని దారి పొడుగునా గేరు మార్చేదాని మీద సలహాలు చెప్తానే ఉన్నాడు.

కౌంటరు మనిషి, 18 డిసెంబరు, రాత్రి 8:58

సంతోషం. నామినీ పేరు పాస్‌బుక్కులో పడిందో లేదో ఒకసారి చూసుకోండి.

బ్యారన్ బాబాయి, 18 డిసెంబరు, రాత్రి 9:30

చీటీ ఆయన నిన్న ఊళ్లోకి వచ్చాడు. సంక్రాంతి తర్వాత అందరికీ అసలు మాత్రం ఇస్తానన్నాడు. నాట్లు అయితే మళ్లీ వేశాం. ఈసారి ఒక్క బ్యారనే.

గుంట రైతు, 18 డిసెంబరు, రాత్రి 10:15

మంచి పని చేసినావు శీనూ. అది సరేగానీ, మీ ప్లాంటులో ఇప్పుడు 60 కౌంటు ఎంతకు తీసుకుంటా ఉండారు? నాలుగు టన్నుల దాకా ఉంది గుంటలో, సోమవారం దాకా ఆగొచ్చా?

కావలి శీను, 18 డిసెంబరు, రాత్రి 10:21

ఆగొద్దన్నా. పొద్దున ఆరింటికి ఫోన్ చెయ్యి.